అయిపోని గ్యాస్ బండ

గోస్నెల్స్, పెర్త్, ఆస్ట్రేలియా
6 మే 2006

అన్నయ్యా,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో, ఆ తర్వాత చదువు. నీ చెల్లెలు గ్యాస్ మీద మాంసం కాల్చింది.

ఏం చెయ్యమంటావు? ఈ ఇంట్లో కట్టెలు ముట్టించకూడదని అద్దె కాగితంలోనే రాశారు. ఎండాకాలంలో అయితే ఊరు మొత్తానికి అదే నియమమట. నాకంటే ముందున్నవాళ్ళు పెరట్లో ఒక గ్యాస్ గ్రిల్ వదిలేసి వెళ్ళారు. రెండు కాళ్ళు, రెండు చక్రాలు, పైన శవపేటిక మీద ఉండేలాంటి మూత, కింద ఒక గ్యాస్ బండ. నాబ్ తిప్పి బటన్ నొక్కితే టక్కుమని అంటుకుంటుంది. ఊదక్కర్లేదు, కళ్ళు మండవు, జుట్టుకి పొగ వాసన పట్టదు. పావుగంటలో గొర్రె చాప్స్ అయిపోయాయి. దీన్ని మన కట్టె నిప్పుల బ్రాయి అనొచ్చా అని నిన్ను అడిగే ధైర్యం నాకు లేదులే.

పని బాగానే ఉంది. వృద్ధాశ్రమంలో ముసలమ్మలకి స్నానాలు చేయిస్తాను, జుట్టు దువ్వుతాను. పళ్ళు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో ఆప్రికాట్లకి గింజలు తీయడం కంటే నయం, వీళ్ళు కనీసం నవ్వుతారు. కానీ మన భాషలో మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకని గ్రిల్‌తో మాట్లాడుతున్నాను. నూనె చిమ్మినప్పుడల్లా దానికి మన ఊరి తిట్లు తినక తప్పడం లేదు.

ఇంక అసలు సంగతి. పది శనివారాలుగా ఫోన్ చేస్తున్నాను. ప్రతిసారీ హెట్టీ వదినే తీస్తుంది. "మీ అన్నయ్య తోటలో ఉన్నాడమ్మా" అంటుంది. శనివారం మధ్యాహ్నం నువ్వు నిప్పు వదిలి తోటలో ఏం చేస్తావు?

ఆ పట్టకారు సంగతేనా? నేను బయల్దేరే ముందు శనివారం అది నీ చేతిలోంచి జారి పడింది. నేను తీసుకుని నాలుగు ముక్కలు తిప్పేశాను, అంతమంది మగవాళ్ళ ముందు. నువ్వు వెంటనే లోపలికి వెళ్ళిపోయావు. ఒకడి నిప్పు దగ్గర ఇంకొకరు పట్టకారు ముట్టుకోవడం మన దగ్గర ఎంత అవమానమో నాకు తెలియదా? అందులోనూ ఇరవై ఏళ్ళుగా బంగాళాదుంప సలాడ్ కలపడానికే పుట్టినట్టున్న చెల్లెలు ముట్టుకుంటే! తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ సముద్రం దాటాక కూడా కోపమేనా? ఒక్క శనివారం ఫోన్ తియ్యి. తిట్టడానికైనా సరే. నీ గొంతు వినాలని ఉంది.

నీ
ట్రీనా


రాబర్ట్‌సన్, దక్షిణాఫ్రికా
29 మే 2006

ట్రీనా,

గ్యాస్ మీద చేసేదాన్ని వంట అంటారు. బ్రాయి అనరు. ఇంకోసారి ఆ మాట ఆ డబ్బాకి వాడావంటే నా చెల్లెలివి కావు.

బ్రాయికి కట్టె కావాలి. పీకేసిన పాత తోటలోని ద్రాక్ష మోడులు కావాలి. మంట లేచి, తగ్గి, ఎర్రటి నిప్పులయ్యేదాకా రెండు గంటలు కాచుకుని కూర్చునే మనుషులు కావాలి. పావుగంటలో అయిపోయేదానికి మనుషులెందుకు? టోస్టర్ చాలు.

డావిట్ మామకి నీ ఉత్తరం చదివి వినిపించాం. "ఒరేయ్ సారెల్, పిల్లని ఆస్ట్రేలియా పంపితే మతం మార్చేశార్రా" అన్నాడు.

ఫోన్ నాకు పడదు. ఆ డబ్బా చెవి దగ్గర పెట్టుకుంటే మాట రాదు. ఉత్తరం రాయి. అక్షరాలు వంకరగా ఉన్నాయని వెక్కిరించకు. బండి వెనక తొట్టిలో కూర్చుని రాస్తున్నాను.

పట్టకారు సంగతి ఎత్తకు. నేను మరిచిపోయాను.

సారెల్


గోస్నెల్స్
9 జులై 2006

అన్నయ్యా,

నీకు ఫోన్ పడదా? నేను కేప్‌టౌన్‌లో నర్సింగు సహాయకురాలి కోర్సు చేసిన ఆరు నెలలూ, గంటల తరబడి నా చెవి వాయగొట్టింది ఎవరు మరి? కుక్క ఈనిన సంగతి కూడా ఒక్కో కుక్కపిల్ల పేరునా చెప్పావు. సరేలే. కోపం తగ్గేదాకా ఉత్తరాలే.

ఇక్కడ నేను ఒంటరిగా ఏడుస్తూ కూర్చున్నానని అనుకుంటున్నావేమో, అలాంటి ఆశలేమీ పెట్టుకోకు. నిన్న మా పెరట్లో ఎనిమిది మంది! పనిలో స్నేహితురాలు ఏంజెలా, వాళ్ళాయన, వాళ్ళ చుట్టాలు. పక్కింటి క్లిఫ్ కూడా వచ్చాడు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. అందరూ నా సాసేజి తిని "ఇందులో ఏం వేశావు?" అని ఒకటే అడగడం. ధనియాలు, లవంగం అని చెప్పాను. రొట్టె ముక్కల మధ్య చీజ్, టమాటా, ఉల్లిపాయ, చట్నీ పెట్టి కాల్చి ఇస్తే క్లిఫ్ నాలుగు తిన్నాడు. పట్టకారు ఎవరి చేతిలో ఉందో చెప్పక్కర్లేదనుకుంటా. ఇక్కడ సలాడ్ ఇంకొకరు కలుపుతున్నారు, మహారాజా!

ప్రతి శనివారమూ ఇలాగే. నాకసలు తీరికే ఉండటం లేదు.

వదినకి నా ముద్దులు. మొన్న ఫోన్ చేస్తే వాన హోరు వినిపించింది. అంత వానలో కూడా నువ్వు తోటలోనే ఉన్నావంది. జాగ్రత్త, జలుబు చేస్తుంది.

ట్రీనా


రాబర్ట్‌సన్
14 ఆగస్టు 2006

ట్రీనా,

ఎనిమిది మంది వస్తున్నారంటే సంతోషం.

మన ఇంటి మోడులు కొన్ని పార్సిల్ కట్టించి పంపుతున్నాను. చిన్నవే. పాత మస్కాడెల్ ద్రాక్ష తోటవి. నీ డబ్బాలో ఒక మూల పడేసి ముట్టించు. కనీసం పొగ వాసనైనా తగులుతుంది.

డావిట్ మామ కొన్ని ప్రశ్నలు అడగమన్నాడు. ఆయనకి నవ్వుకోవడానికి ఏదో ఒకటి కావాలి. ఆ గ్రిల్‌లో ముందు తిప్పాల్సింది బండ మీది చక్రమా, ముందున్న నాబా? బటన్ నొక్కుతూ నాబ్ తిప్పాలా, తిప్పాక నొక్కాలా? అంటే రెండు చేతులూ కావాలా అని. మంట ఎక్కువైతే ఏం చేస్తారు? నీళ్ళు చల్లొచ్చా? బండ మార్చేటప్పుడు బిగింపు ఎటువైపు తిప్పాలి?

వరసగా రాయి. ఆయనకి ఒకసారి చెబితే అర్థం కాదు.

తోటలో కత్తిరింపులు నడుస్తున్నాయి. ఈ ఏడాది చలి ఎక్కువ.

సారెల్


గోస్నెల్స్
2 అక్టోబరు 2006

అన్నయ్యా,

నువ్వు పంపిన మోడులు ఇక్కడిదాకా వచ్చాయి, నా ఇంటిదాకా రాలేదు. బదులుగా ఒక కాగితం వచ్చింది. బయటి దేశపు కట్టెలో పురుగులుంటాయట, తోటలకి తెగుళ్ళు అంటుకుంటాయట, అందుకని కాల్చేశారట. నేను ఆఫీసుకి ఫోన్ చేసి "ఎవరు కాల్చారు? ఏమైనా దాని మీద పెట్టి కాల్చారా లేక ఊరికే కాల్చారా?" అని అడిగాను. ఆ అమ్మాయికి నవ్వు రాలేదు. మనుషులు కట్టెలు పోస్టులో పంపుకుంటారని ఆవిడ ఎప్పుడూ వినలేదట. మస్కాడెల్ మోడులయ్యా అవి! ఎవడో చెత్తతో కలిపి తగలబెట్టాడంటే నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

సరే, డావిట్ మామ కోసం రాస్తున్నాను. ఆయనకి గట్టిగా చదివి వినిపించు.

అన్నిటికంటే ముందు మూత ఎత్తాలి. ఇది మరిచిపోతే చచ్చాడన్నమాటే. నేను ఒకసారి మూత వేసి ఉంచి వెలిగించాను. లోపల గ్యాస్ నిండి భగ్గుమంది. కనుబొమలు పోయాయి. పదిహేను రోజులు పెన్సిలుతో గీసుకుని పనికి వెళ్ళాను. మూత ఎత్తాక బండ మీది చక్రాన్ని మెల్లగా తిప్పాలి. తర్వాత ముందున్న నాబ్‌ని లోపలికి నొక్కి తిప్పి వదిలేయాలి, అది అలాగే నిలబడుతుంది. అప్పుడు బటన్. ఒక్క చెయ్యి చాలు. అంటుకోకపోతే అన్నీ కట్టేసి, ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టాలి. మంట లేస్తే నీళ్ళు చల్లకూడదు, నాబ్ తగ్గించి ముక్కలు పక్కకి జరపాలి. కొవ్వు కారి పడే ట్రే ప్రతిసారీ కడగాలి. బండ బిగించాక సబ్బు నురగ రాసి చూడాలి, బుడగ లేస్తే కారుతున్నట్టు. చివర్లో ముందు బండ కట్టాలి, తర్వాత నాబ్.

ఇంకో గొప్ప చెప్పనా? ఏప్రిల్‌లో నింపించిన బండ, పెద్దదే, తొమ్మిది కిలోలది, ఇంకా అయిపోలేదు. ఎంత పొదుపో చూడు. మీరు ఒక్క శనివారానికి బండెడు కట్టె తగలేస్తారు.

నవంబరు పదకొండు నా పుట్టినరోజు, శనివారం పడింది. నీకు గుర్తుందిగా? ఆ ఒక్కరోజు ఫోన్ తియ్యి అన్నయ్యా. "ఆ" అని పెట్టేసినా చాలు.

ట్రీనా


రాబర్ట్‌సన్
20 నవంబరు 2006

ట్రీనా,

పుట్టినరోజున ఫోన్ మోగింది. నేను పక్కనే ఉన్నాను. తియ్యలేదు. కారణం అడగకు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు నాకు అబద్ధం చెబుతున్నావు. ప్రతి శనివారం ఎనిమిది మందికి కాలిస్తే బండ ఆరు నెలలు రాదు. ఇక్కడ ఆరుగురికే మూడు కిలోల బండ ఐదు వారాలకి అయిపోతోంది. నీ పెరట్లోకి ఎవరూ రావడం లేదు. నువ్వొక్కదానివే కాల్చుకుని ఒక్కదానివే తింటున్నావు.

ఎనిమిది మంది అని ఎవరి కోసం రాశావు? నాకు గొప్పలు చెప్పడానికా? నువ్వు ఇలా ఉంటావని తెలిస్తే పంపేవాడినే కాదు.

సారెల్


గోస్నెల్స్
5 డిసెంబరు 2006

అన్నయ్యా,

అవును. అబద్ధమే.

ఒక్కసారి నలుగురు వచ్చారు, మే నెలాఖరులో. ఏంజెలా, ఇంకో ముగ్గురు. నేను వారం ముందు నుంచి సాసేజి కోసం మసాలాలు వేయించుకున్నాను. వాళ్ళు నాలుగింటికి వచ్చారు, నేను నాలుగూ ఐదుకి వెలిగించాను. నాలుగున్నరకల్లా పళ్ళేలు ఖాళీ. తర్వాత ఏం మాట్లాడాలో వాళ్ళకీ తెలియలేదు, నాకూ తెలియలేదు. మన ఇంట్లో అయితే తిండి వచ్చేసరికి సగం తగువులూ సగం రాజీలూ అయిపోయి ఉంటాయి కదా. ఐదింటికి "చాలా బావుంది ట్రీనా" అని కార్లు ఎక్కేశారు. తప్పు వాళ్ళది కాదు. మళ్ళీ ఎవరినీ పిలవలేదు. క్లిఫ్ నా పెరట్లో అడుగు కూడా పెట్టలేదు. కంచె అవతల నుంచి చెయ్యి ఊపుతాడు, అంతే.

మిగతా శనివారాలన్నీ ఒక చాప్, జానెడు సాసేజి. పది నిమిషాలు. కుర్చీ వేసుకోవడానికి కూడా టైము పట్టదు, నిలబడే తినేస్తాను. ఒంటరిగా ఉంది అన్నయ్యా. చాలా ఒంటరిగా ఉంది. నా పేరు సరిగ్గా పలికే మనిషి లేడు ఇక్కడ. సోమవారం పనికి వెళ్ళి నోరు తెరిస్తే గొంతు బొంగురుగా వస్తుంది, శుక్రవారం నుంచి దానికి పని లేక. చాలా? సంతోషమేనా?

ఇప్పుడు నా వంతు.

"ఇక్కడ ఐదు వారాలకి అయిపోతోంది" అని రాశావు. ఇక్కడ అంటే ఎక్కడ?

మన పెరట్లోనా? సారెల్ అపూల్స్ పెరట్లో గ్యాస్ బండ! ఎవరైనా చెబితే చెంప పగలగొట్టేదాన్ని. కానీ నువ్వే రాశావు, నీ వంకర అక్షరాలతో. అప్పుడు నీ ఉత్తరాలన్నీ తీసి వరసగా పెట్టి చదివాను. డావిట్ మామ ప్రశ్నలంటూ నువ్వు అడిగినవి చదివాను. రెండు చేతులూ కావాలా అని అడిగావు. బండి తొట్టిలో కూర్చుని రాసినా, బల్ల మీద రాసినా, ప్రతి ఉత్తరంలోనూ అక్షరాలు ఒకే వైపుకి ఒరిగాయి. వాన కురిసినా తోటలోనే ఉన్నావంది వదిన. ఫోన్ పక్కనే ఉండి తియ్యలేదు నువ్వు.

నీ కుడిచేతికి ఏమైంది? నీ నోటికి ఏమైంది?

నిజం రాయి. లేకపోతే వచ్చే విమానం ఎక్కేస్తాను, ఆ తర్వాత నువ్వు ఏమనుకున్నా సరే.

ట్రీనా


రాబర్ట్‌సన్
29 డిసెంబరు 2006

ట్రీనా,

విమానం ఎక్కకు. రాస్తున్నాను. ఎడమచేత్తో కాబట్టి ఈ ఉత్తరానికి ఆరు రోజులు పట్టింది.

పక్షవాతం. నువ్వు వెళ్ళిన మూడో వారం, నీ మొదటి ఫోన్ ఇంకా రాకముందే. కుడిచెయ్యి పోయింది. కాలు కొంచెం తిరిగి వచ్చింది. నోరు ఒక పక్కకి వంగింది, మాట ముద్దముద్దగా వస్తుంది. హెట్టీకి సగం అర్థమవుతుంది. డావిట్ మామ అంతా అర్థమైనట్టు తల ఊపుతాడు, అది ఇంకా కష్టం.

పట్టకారు రోజున నాకు నీ మీద కోపం రాలేదు. దాన్ని నేను వదల్లేదు ట్రీనా. వేళ్ళే వదిలేశాయి. పట్టుకోమంటే పట్టుకోలేదు అవి. నువ్వు నవ్వుతూ తీసుకుని ముక్కలు తిప్పుతున్నావు. నేను లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చుని చెయ్యి నలుపుకున్నాను. భయం వేసింది. అరగంటకి మళ్ళీ కదిలింది. అప్పుడే నీకు చెప్పి ఉంటే టికెట్ చించి పొయ్యిలో పడేసేదానివి. ఫ్యాక్టరీలో నీ షెడ్డు మూసేశారు, ఇక్కడ నీకేముంది? అందుకే చెప్పలేదు. తర్వాత చెప్పడానికి నోరు లేకపోయింది.

గ్రిల్ హెట్టీ తమ్ముడు తెచ్చి పెట్టాడు. దాని మీద దుప్పటి కప్పి నాలుగు నెలలు ముట్టుకోలేదు. మోడు చీల్చాలంటే రెండు చేతులు కావాలి. "ఇవ్వు, నేను చీలుస్తా" అని ఎవడైనా వస్తే వాణ్ణి పెరట్లోంచి తరిమేశాను. శనివారాలు అందరూ రావడం మానేశారు. అప్పుడు నీకు ఆ ప్రశ్నలు రాశాను. నీ జవాబు వంటగది గోడకి అంటించి ఉంది. మూత ముందు ఎత్తాను. కనుబొమలు ఉన్నాయి.

మొదటి శనివారం అందర్నీ పిలిచాను. వెలిగించాను. పావుగంటలో అయిపోయింది. నీకు జరిగినట్టే. తిన్నారు, నిలబడ్డారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒంటిగంటకల్లా పెరడు ఖాళీ. అలా ఒక నెల. ఐదో వారం బండ ఖాళీ అయిపోయింది. హెట్టీ తమ్ముడు ఊళ్ళోకి వెళ్ళి కొత్తది తెచ్చేసరికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ వీళ్ళు చల్లటి డబ్బా చుట్టూ కూర్చున్నారు. డావిట్ మామ వాళ్ళ అల్లుణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు. ఒకడు రగ్బీ ఎత్తాడు. ఇద్దరు కొట్టుకున్నంత పని చేశారు. సాయంత్రం నాలుగింటిదాకా కదల్లేదు.

అప్పటి నుంచి పన్నెండుకి పిలుస్తాను, రెండింటికి వెలిగిస్తాను. ఎవరూ కారణం అడగరు. వాళ్ళు మాట్లాడతారు, నేను వింటాను.

నువ్వూ అలాగే చెయ్యి. ఎవరినో ఒకరిని పిలువు. రెండు గంటలు వెలిగించకు.

ఫోన్ మాత్రం వద్దు. ఈ మాట నువ్వు వినకూడదు. నా గొంతు నీకు గుర్తున్నట్టే ఉండనీ.

సారెల్


గోస్నెల్స్
28 జనవరి 2007

అన్నయ్యా,

నీ ఉత్తరం బస్టాపులో చదివాను. రెండు బస్సులు పోయాయి. మూడోది ఎక్కమని డ్రైవరే దిగి వచ్చి చెప్పాడు.

నాకు కోపంగా ఉంది, వదిన మీద ఇంకా ఎక్కువ. ఏడాది పాటు "తోటలో ఉన్నాడమ్మా" అని ఎంత చక్కగా చెప్పింది! ఆవిడ కోసం వేరే ఉత్తరం రాస్తాను. అది నువ్వు చదవకు.

నిన్న క్లిఫ్‌ని పిలిచాను. నాలుగింటికి రమ్మన్నాను. కంచె దాటి కాదు, వీధి తిరిగి గేటులోంచి వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. గ్రిల్ వెలిగించనే లేదు. కాసేపు దాని చుట్టూ తిరిగాడు.

"గ్యాస్ అయిపోయిందా అమ్మాయ్?"

"లేదు, సగం పైన ఉంది."

"మరి పాడైందా?"

"లేదు. మా ఊళ్ళో ఇంతే. కూర్చో."

"ఎంతసేపు?"

"రెండు గంటలు."

"రెండు గంటలా! ఆ టైములో నేను రైలుని బన్‌బరీ చేర్చేవాణ్ణి."

"చేర్చి ఏం చేసేవాడివి?"

"ఏముంది, వెనక్కి తెచ్చేవాణ్ణి" అని కూర్చున్నాడు.

మొదటి ముప్పావు గంట వాచీ చూసుకుంటూనే ఉన్నాడు. వాన గురించి చెప్పాడు. రైలు ఇంజిన్ల గురించి చెప్పాడు. మళ్ళీ వాచీ చూశాడు. నేను లేచి గ్యాస్ తిప్పేద్దామనుకున్నాను, నీ మీద ఒట్టు. నువ్వు రాసిన మాట గుర్తొచ్చి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు అన్నాడు, "చలికాలమంతా నువ్వు ఇక్కడ నిలబడి తినడం చూశాను. పిలుద్దామా అనుకునేవాణ్ణి. ఏమనుకుంటావో అని లోపలికి వెళ్ళిపోయేవాణ్ణి. మా ఆవిడ పోయాక నేనూ అంతే, సింకు దగ్గర నిలబడే తింటాను. కూర్చుంటే ఎదుటి కుర్చీ కనిపిస్తుంది." ఇంకో గ్లాసు పోశాను.

ఆరింటికి వెలిగించాను. నేను ఉప్పు కోసం లోపలికి వెళ్ళి వచ్చేసరికి పెద్దమనిషి పట్టకారు పట్టుకుని నా చాప్ తిప్పుతున్నాడు! అన్నయ్యా, ఒళ్ళు మండిపోయింది. మన భాషలో అరిచేశాను. "చెయ్యి తియ్యవయ్యా, నిప్పెవరిది, పట్టకారెవరిది?" అని. మాట అర్థం కాకపోయినా కింద పెట్టేశాడు. వచ్చే వారం వస్తానన్నాడు, చెయ్యి జేబులో పెట్టుకునే ఉంటాడట.

కాబట్టి నీ సలహా పనిచేసింది. కానీ నీ చివరి మాట నేను వినను.

నీ గొంతు గుర్తున్నట్టే ఉండనీ అన్నావు. అది గుర్తుండటం లేదు. మొదట్లో నీ ఉత్తరం చదువుతుంటే నువ్వే తిడుతున్నట్టు వినిపించేది. ఈ మధ్య చదువుతుంటే నా గొంతే వినిపిస్తోంది. నీ ఉత్తరాలు కూడా నేనే మాట్లాడుకుంటున్నాను. ఇంక నాకు దాచుకోవడానికి పాత గొంతు లేదు అన్నయ్యా. ఇప్పుడున్నదే ఇవ్వు. ముద్దగా ఉంటే ముద్దగానే ఇవ్వు. నేను రోజంతా నోరు తిరగని ముసలివాళ్ళతోనే పని చేస్తాను, నీ దగ్గర మాత్రం భయపడతానా?

ట్రీనా


రాబర్ట్‌సన్
12 ఫిబ్రవరి 2007

ట్రీనా,

మార్చి మూడు. శనివారం. మాకు మధ్యాహ్నం పన్నెండు, నీకు సాయంత్రం ఏడు.

వీళ్ళందర్నీ రెండింటికి రమ్మన్నాను. హెట్టీని వాళ్ళ చెల్లెలింటికి పంపుతున్నాను. నేనే తీస్తాను. ఎడమచేత్తో తీయాలి కాబట్టి ఎక్కువసేపు మోగనివ్వు.

ముందు నువ్వు మాట్లాడకు.

సారెల్


గోస్నెల్స్
4 మార్చి 2007

అన్నయ్యా,

నిన్న పదకొండుసార్లు మోగింది. లెక్కపెట్టాను. తీశాక నువ్వు ఊపిరి పీల్చడం వినిపించింది. నువ్వు చెప్పినట్టే నేను మాట్లాడలేదు. "ట్రీ" అన్నావు. "నా" అనడానికి ఎంతసేపు పట్టిందో ఇద్దరికీ తెలుసు, దాని గురించి రాయను.

పద్నాలుగు నిమిషాలు మాట్లాడావు. క్లిఫ్ పెరట్లో కూర్చునే ఉన్నాడు, ముందే చెప్పి ఉంచాను. నేను బయటికి వచ్చి గ్రిల్ వెలిగించాను. ఆయన చేతులు జేబులోంచి తియ్యలేదు.

నీకు నిజం చెప్పాలి, మనం అబద్ధాలు మానేశాం కదా. నువ్వు చెప్పినదాంట్లో నాకు సగం కూడా అర్థం కాలేదు. వదిన పేరు తెలిసింది. తోట తెలిసింది. మధ్యలో ఏదో పెద్ద కథ చెప్పి గట్టిగా నవ్వావు. ఆ నవ్వు మాత్రం ఏమీ మారలేదు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ తెలియదు.

ఆ కథ ఏమిటో ఉత్తరంలో రాసి పంపకు. వచ్చే శనివారం మళ్ళీ చెప్పు.

నీ
ట్రీనా